పాత కారుకు బకెట్ సీటు, హార్నెస్, రోల్ కేజ్: ఏది ఎక్కడ రక్షణ, ఎక్కడ ప్రమాదం

ఇరవై ముప్పై ఏళ్ళ నాటి మారుతి 800, జెన్, ఎస్టీమ్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లను మళ్ళీ రోడ్డెక్కించినవారు ఇంజను పని, టింకరింగ్, పెయింటింగ్ పూర్తయ్యాక కారు లోపలి భాగం మీద దృష్టి పెడతారు. ఎయిర్‌బ్యాగులు లేని, సీటు వీపు భాగం ఊగుతున్న, బెల్టు రంగు వెలిసిపోయిన కారులో హైవే మీద వెళుతున్నప్పుడు భయం కలగడం సహజమే. ఆ భయానికి విరుగుడుగా చాలామందికి తోచేవి మూడు: రేసు కార్లలో కనిపించే బకెట్ సీట్లు, నాలుగు లేదా ఆరు పట్టీల హార్నెస్, కారు లోపల ఇనుప పైపులతో కట్టే రోల్ కేజ్. వీటిలో ఏది కొనాలి, ఏది ముందు కొనాలి, రోడ్డు మీద నడిపే కారుకు అసలు ఏది పనికివస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద మాత్రమే తిరిగే పాత కారుకు తుప్పులేని ఫ్లోరు, హెడ్‌రెస్ట్ ఉన్న గట్టి సీటు, కొత్త త్రీ పాయింట్ బెల్టు ఇచ్చేంత రక్షణను పై మూడింటిలో ఏదీ ఇవ్వదు. ట్రాక్ మీద, ర్యాలీలో నడిపే కారుకు మూడూ కావాలి, వాటితోపాటు హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ పరికరం కూడా కావాలి. చిక్కంతా ఈ రెండింటి నడుమ ఉంది. ఈ నెల సీటు, దీపావళికి హార్నెస్, డబ్బు చేరాక కేజ్ అని విడతలవారీగా అమర్చుకొనేవారి కారు కొన్నాళ్ళపాటు, ఒక్కోసారి ఎప్పటికీ, కంపెనీ నుంచి వచ్చినప్పటికన్నా ప్రమాదకరమైన స్థితిలో ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఒక్కో వస్తువు ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో చూడాలి.

పాత చిన్న కార్ల అసలు బలహీనత వాటి బాడీలోనే ఉంది. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షించినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. వాటిలో ఆల్టో 800, నానో, ఐ10ల నిర్మాణమే ఎంత బలహీనంగా ఉందంటే, ఎయిర్‌బ్యాగులు పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండేది కాదని ఆ సంస్థ తేల్చింది. అవి అప్పటికి షోరూములో ఉన్న కార్లు. మనం మాట్లాడుకొంటున్నవి అంతకన్నా ముందు తరానివి. మనిషి కూర్చునే చోటు నలిగిపోతే అతన్ని సీటుకు ఎంత గట్టిగా కట్టినా ప్రయోజనం పరిమితమే. కాబట్టి ఏ పరికరం అమర్చినా పాత కారు కొత్త కారంత భద్రం కాదన్న ఎరుకతోనే ఈ ఎంపిక మొదలుకావాలి.

త్రీ పాయింట్ బెల్టు: ఎవరూ మెచ్చుకోని మొదటి ఎంపిక

వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో రూపొందించిన త్రీ పాయింట్ బెల్టు గొప్పదనం దాని సరళతలో ఉంది. నడుము పట్టీ కటి ఎముక మీద, భుజం పట్టీ ఛాతీకి అడ్డంగా పడతాయి. రీలు ఉన్న బెల్టు మామూలుగా స్వేచ్ఛగా కదులుతూ, కారు ఒక్కసారిగా ఆగినప్పుడో పట్టీని గుంజినప్పుడో బిగుసుకొంటుంది. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు అమర్చి తీరాలన్న నిబంధన తయారీదారులకు 1994లో వచ్చింది. అంతకుముందు తయారైన కార్లలో కొన్నిటికి బెల్టులే ఉండవు, కొన్నిటికి రీలు లేకుండా చేత్తో సరిచేసుకొనే పట్టీలు ఉంటాయి. అలాంటి కారుకు రీలు ఉన్న కొత్త బెల్టు అమర్చడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని. ఈ మాట చెబితే కారు పిచ్చి ఉన్నవారి ముఖంలో నిరుత్సాహం కనిపిస్తుంది, ఎందుకంటే కొత్త బెల్టు ఫొటోలో కనిపించదు.

ఈ పనిలో బెల్టు కన్నా బెల్టును పట్టుకొనే ఇనుము ముఖ్యం. గుద్దుకొన్న క్షణంలో శరీరం గురుత్వాకర్షణకు 20 రెట్ల తీవ్రతతో ఆగిందనుకొంటే, 70 కిలోల మనిషి బెల్టు మీద వేసే బరువు దాదాపు 1400 కిలోలు. అంత లాగుడును తట్టుకోవలసినవి డోర్ల మధ్య స్తంభం, దాని అడుగున, తలుపుల కింద పొడవునా సాగే సిల్లు, సీటు పక్కన ఫ్లోరు. పాత కార్లలో మొదట కుళ్ళేవి కూడా ఈ సిల్లు, ఫ్లోరులే. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరాల్లో తిరిగిన కార్లలో ఇది మరీ ఎక్కువ. కార్పెట్ ఎత్తి, దాని కింద అంటించిన నల్లటి తారు పొరను బోల్టు చుట్టూ అరచేతి వెడల్పున గీకి తీయించాలి. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కితే ఖణ్‌మని మోగే రేకు బాగున్నట్లు; మెత్తగా లోపలికి దిగినా, పొరలుగా లేచినా అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయించేవరకు ఏ బెల్టూ బిగించకూడదు. పైన పెయింటు మెరుస్తున్నదని ఈ పరీక్ష మానుకోవద్దు. అమ్మకానికి సిద్ధం చేసిన కార్లలో తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం టింకరింగ్ షెడ్లు ఎరిగిన వారికి కొత్త విషయమేమీ కాదు.

రీలును కంపెనీ ఇచ్చిన కోణంలోనే నిలబెట్టాలి. వంకరగా బిగిస్తే అది ఊరికే బిగుసుకొంటూ విసిగిస్తుంది, లేదా బిగుసుకోవలసినప్పుడు ఆలస్యం చేస్తుంది. పట్టీ అంచులు నూలు లేచినా, ఎండకు గట్టిపడినా మార్చాలి. ఒకసారి ప్రమాదంలో బరువు మోసిన బెల్టు చూడటానికి బాగానే ఉన్నా దాని పోగులు అప్పటికే సాగిపోయి ఉంటాయి కనుక, తుక్కు మార్కెట్లో ప్రమాదపు కారు నుంచి తీసిన బెల్టు కొనడం తగదు.

సీటు: వాలేదా, వాలనిదా

పాత సీట్లలో రెండు లోపాలు ఉంటాయి. తలకు ఆనింపు లేని పొట్టి వీపు మొదటిది. వెనుక నుంచి లారీ తగిలితే మెడ వెనక్కి విరిగినట్లు వంగుతుంది. సీటు ముందుకు వెనక్కి జరిగే పట్టాలు, వీపును నిలిపే పళ్ళ చక్రం అరిగిపోవడం రెండవది. గట్టి దెబ్బకు సీటు వెనక్కి పడిపోతే బెల్టు భుజం మీద నుంచి జారిపోతుంది. ఈ రెండింటికీ బకెట్ సీటు ఒక్కటే మందు కాదు. అదే కారు తరువాతి మోడళ్ళలో వచ్చిన హెడ్‌రెస్ట్ ఉన్న సీటు, దాని పట్టాలతో సహా, చాలా సందర్భాల్లో సరిపోతుంది. నన్నడిగితే రోడ్డు కారుకు ఇదే మొదటి సలహా.

ఒంటిని పక్కలకు జారనివ్వని సీటే కావాలనుకొంటే వీపు వాల్చుకొనే బకెట్ సీటు రోడ్డుకు ఫరవాలేదు. త్రీ పాయింట్ బెల్టు దానిమీద మామూలుగా పడుతున్నదో లేదో మాత్రం కూర్చుని చూడాలి: పక్కల ఎత్తు ఎక్కువగా ఉన్న సీటులో నడుము పట్టీ కటి మీద పడకుండా ఆ ఎత్తు మీద నుంచి వంతెనలా సాగి, పొట్ట దగ్గర ఖాళీ మిగులుస్తుంది. కొన్ని కార్లలో బెల్టు గుచ్చే బకిల్ సీటు ఫ్రేముకే బిగించి ఉంటుంది. సీటు తీసేస్తే దానితోపాటు ఆ బిగింపూ పోతుంది. దుకాణాల్లో దొరికే యూనివర్సల్ పట్టా మీద ఆ బకిల్‌ను తగిలించడం ప్రాణంతో చెలగాటం.

వీపు వాలని ఒకే ముక్క బకెట్ సీటు ఇంకొక జాతి. దాన్ని పోటీల కోసం హార్నెస్, హెల్మెట్లతో కలిపి వాడేందుకు తయారుచేశారు. తలకు రెండువైపులా రెక్కలున్న సీటులో కూర్చుంటే కూడలి దగ్గర పక్కనుంచి వచ్చే బైకు కనిపించదు, అదీ మన రోడ్ల మీద. పోటీకి కొనేటప్పుడు అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ 8855-1999 లేదా 8862-2009 ప్రమాణం లేబుల్, దానిపై తయారీ సంవత్సరం ఉన్నాయో లేదో చూడాలి. మొదటి రకానికి 5 ఏళ్ళు, రెండవ రకానికి 10 ఏళ్ళు పోటీల్లో చెల్లుబాటు. పేరున్న కంపెనీల లోగో కుట్టి అమ్మే నకిలీ సీట్లు మార్కెట్లో విరివిగా ఉన్నాయి. ఫైబర్ పొర పలుచగా ఉన్న అలాంటి సీటు దెబ్బకు చీలి, ఆ అంచులే ఒంటికి గుచ్చుకొంటాయి.

సీటును ఫ్లోరుకు బిగించే తీరుకు కూడా ఎఫ్ఐఏ నియమం ఉంది: నాలుగు చోట్ల కనీసం 8 మి.మీ. బోల్టులు, ఒక్కో బోల్టు దగ్గర ఫ్లోరు కింద కనీసం 40 చదరపు సెంటీమీటర్ల బలపు ప్లేటు. ఫ్లోరు కింద చిన్న వాషరు, నట్టు మాత్రమే పెట్టి బిగించిన సీటు గట్టి లాగుడుకు రేకును చించుకొని పైకి వస్తుంది.

హార్నెస్: అందమైన ఉచ్చు

రెండు భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు పట్టీలతో వచ్చే హార్నెస్ పాత రోడ్డు కార్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ చెప్పుకొంటున్న వస్తువులన్నిటిలో నేను వద్దని గట్టిగా చెప్పేది దీన్నే. భుజాల పట్టీలు బిగిసినకొద్దీ అవి మధ్యలో ఉన్న బకిల్‌ను పైకి లాగుతాయి; దానితో నడుము పట్టీ కటి ఎముకను వదిలి పొట్ట మీదికి ఎక్కుతుంది. గుద్దుకొన్నప్పుడు శరీరం కింది నుంచి ముందుకు జారితే బరువంతా కాలేయం, పేగుల మీద పడుతుంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే ఒకటి లేదా రెండు పట్టీలు ఉండే ఐదు, ఆరు పాయింట్ల హార్నెస్ ఈ జారుడును ఆపుతుంది. అయితే ఆ పట్టీ వెళ్ళడానికి సీటు కుషన్‌లో రంధ్రం ఉండాలి, అంటే పోటీ సీటు కావాలి. కంపెనీ సీటు ముందంచు మీదుగా ఆ పట్టీని తిప్పి తెచ్చి బిగిస్తే అది ఉన్నా లేనట్లే.

భుజం పట్టీల కోణం ఇంకో సమస్య. సీటు పైఅంచు నుంచి అవి వెనక్కి దాదాపు సమానమట్టంలో వెళ్ళాలి. కిందికి 10 డిగ్రీలు దాటకుండా ఉండటం మంచిదని, 45 డిగ్రీలు దాటనే కూడదని ఎఫ్ఐఏ చెబుతుంది. కేజ్ లేని కారులో అలాంటి ఎత్తులో కట్టడానికి చోటు ఉండదు కాబట్టి, పనివాళ్ళు పట్టీలను వెనుక సీటు బెల్టు బోల్టులకో, ఏకంగా ముందు సీటు వెనుక ఫ్లోరుకో బిగిస్తారు. అప్పుడు ఛాతీ ముందుకు పోబోయినకొద్దీ పట్టీలు భుజాలను కిందికి నొక్కుతాయి, ఆ నొక్కుడు వెన్నెముక మీద పడుతుంది.

సరైన సీటు, సరైన కోణం, ఆరు పట్టీలు అన్నీ ఉన్నాయనుకొందాం. ఇక మిగిలింది మెడ. మొండెం పూర్తిగా ఆగిపోయి తల ఒక్కటే ముందుకు దూసుకుపోతే పుర్రె అడుగుభాగం చిట్లుతుంది. 2001 ఫిబ్రవరి 18న డేటోనా పోటీ చివరి ల్యాపులో అమెరికన్ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ ఇలాంటి గాయంతోనే మరణించాడు. రాబర్ట్ హబ్బర్డ్ అనే బయోమెకానిక్స్ ఆచార్యుడు 1980లలోనే రూపొందించిన హాన్స్ పరికరమో, అలాంటి మరొకటో ఉండి తీరాలని ఆ ఏడాదే అమెరికాలోని నాస్కార్ రేసు సంస్థ నిబంధన పెట్టింది; 2003లో ఫార్ములా వన్ హాన్స్‌ను తప్పనిసరి చేసింది. హాన్స్ పనిచేయాలంటే హెల్మెట్‌కు తగిలించాలి. హెల్మెట్ పెట్టుకొని కూరగాయల మార్కెట్టుకు ఎవరూ వెళ్ళరు కనుక, రోడ్డు మీద హార్నెస్ వాడే మనిషి మెడ రక్షణ లేకుండానే వాడుతున్నట్లు. త్రీ పాయింట్ బెల్టులో ఒక భుజం కొంత తిరుగుతూ ముందుకు కదులుతుంది. ఆ కొద్దిపాటి కదలికే మెడ మీద పడే లాగుడును కొంత తగ్గిస్తుంది.

కారు బోల్తా పడినప్పుడు ఇదే బిగింపు ఇంకొక రకంగా ఎదురుతిరుగుతుంది. పైకప్పు లోపలికి నలిగితే త్రీ పాయింట్ బెల్టులో ఉన్నవాడు పక్కకు ఒరగడానికి కొంత అవకాశం ఉంటుంది. హార్నెస్‌లో ఉన్నవాడు నిటారుగా కట్టేసినట్లు ఉండి తల, మెడ మీద ఆ బరువు మోస్తాడు. కేజ్ లేకుండా హార్నెస్ వద్దనడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కరలేదు.

వీటికి రోజువారీ అసౌకర్యం తోడవుతుంది. రీలు లేని హార్నెస్ బిగించుకొంటే చోక్ నాబ్ అందదు, కిటికీ తిప్పే హ్యాండిల్ అందదు, సందు మలుపులో ముందుకు వంగి చూడటానికి వీలుండదు. దాంతో నాలుగో రోజుకల్లా పట్టీలు వదులు చేసుకోవడం అలవాటవుతుంది. వదులుగా ఉన్న హార్నెస్ ఏ బెల్టు కన్నా అధ్వానం. ప్రమాదం జరిగినప్పుడు బయటికి లాగడానికి వచ్చేవాళ్ళకు మామూలు బెల్టు ఎర్ర మీట తెలుసు. తిప్పితే విడిపోయే గుండ్రటి బకిల్‌ను వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు.

రోల్ కేజ్: పైపు, వెల్డింగ్, తల

సరిగా కట్టిన కేజ్ పాత కారు బాడీ బలహీనతను నిజంగా సరిచేయగలదు. ఆ మేరకు ఈ మూడింటిలో గొప్పది అదే. అయితే సరిగా కట్టడమన్నది అరుదు. డ్రైవరు వెనుక నిలిచే ప్రధాన వంపుకు అతుకులేని కార్బన్ స్టీలు పైపు, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉండాలన్నది ఎఫ్ఐఏ కనీస నియమం. పైపు కాలు దిగే చోట కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల బలపు ప్లేటు కావాలి. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో కేజ్ కట్టించుకొంటే సాధారణంగా అక్కడ దొరికేది నీళ్ళ జీఐ పైపు. దాని జింకు పూత వెల్డింగ్‌ను పాడుచేస్తుంది, వంచినచోట పైపు గొట్టం చదునై బలం కోల్పోతుంది.

కొనుగోలుదారు తానే చేయగల పరీక్ష ఒకటుంది. ఫోను కెమెరాను ప్రధాన వంపుకూ కారు పైకప్పుకూ మధ్య సందులో పెట్టి పైపులు కలిసే కీలు పైభాగాన్ని వీడియో తీయాలి. పైకప్పు అడ్డం ఉండటం వల్ల చాలామంది వెల్డర్లు పైపు అడుగున, పక్కల వెల్డింగ్ చేసి పైభాగాన్ని వదిలేస్తారు. పని తెలిసినవాళ్ళు ఫ్లోరులో రంధ్రాలు చేసి కేజ్‌ను కిందికి దించి పైన వెల్డింగ్ పూర్తిచేసి మళ్ళీ ఎత్తుతారు, లేదా పైకప్పు రేకునే తీసి చేస్తారు. వీడియోలో సగం కీలు ఖాళీగా కనిపిస్తే ఆ కేజ్ అలంకారమే.

ఇంత బాగా కట్టిన కేజ్ కూడా రోడ్డు మీద కొత్త ప్రమాదాన్ని తెస్తుంది. చిన్న కారులో తలుపు పైనుంచి వెళ్ళే పైపు డ్రైవరు చెవికి జానెడు దూరంలో ఉంటుంది. హెల్మెట్ లేని తల, త్రీ పాయింట్ బెల్టులో కొంత ఊగుతుంది కనుక, ఒక మోస్తరు పక్కదెబ్బకే ఆ ఇనుముకు తగులుతుంది. పైపు మీద చుట్టే మెత్తటి స్పాంజి వేళ్ళతో నొక్కితే అణిగిపోయేదైతే పనికిరాదు. పోటీలకు వాడే గట్టి ప్యాడింగ్ కూడా హెల్మెట్ పెట్టుకొన్న తలను దృష్టిలో పెట్టుకొని చేసినదే. ఇక వెనుక సీటులో పిల్లలను కూర్చోబెట్టే కారులో కేజ్ మాటే ఎత్తకూడదు. ప్రధాన వంపు, దాని ఏటవాలు పైపులు సరిగ్గా వాళ్ళ ముఖాల ఎదుట ఉంటాయి.

పైకప్పు లేని పాత జీపుల లెక్క మాత్రం వేరు. గుడ్డ టాపు జీపు బోల్తా పడితే మనిషి తలకూ నేలకూ మధ్య విండ్‌షీల్డు ఫ్రేము తప్ప ఏమీ ఉండదు కనుక, అక్కడ రోల్ బార్ రోడ్డు మీద కూడా విలువైనదే. ముందు సీట్ల వెనుక, తలల కన్నా ఎత్తుగా, వెనుకకు రెండు ఊతాలతో, వీలైతే ఛాసిస్‌కు అందేలా కట్టిన వంపు, దానికే బిగించిన త్రీ పాయింట్ బెల్టులు మంచి కలయిక. బెల్టు లేకుండా రోల్ బార్ ఒక్కటే ఉంటే జీపు తిరగబడినప్పుడు మనిషి బయటికి పడి ఆ బారు కిందే నలిగే అవకాశం ఉంది. వెనుక తొట్టి రేకుకు నాలుగు బోల్టులతో తగిలించి, మెరిసే లైట్లు పెట్టుకొనే బార్లను లైట్ల స్టాండుగానే లెక్కించాలి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు, 2019 సవరణ తరువాత, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. 15 ఏళ్ళు నిండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్ళే కారును బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూస్తాడు కనుక, వెల్డింగ్ చేసిన కేజ్, తీసేసిన వెనుక సీటు దాగేవి కావు. 50 ఏళ్ళు దాటిన కారుకు 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ పొందాలనుకొనేవారు ఛాసిస్, బాడీ అసలు రూపంలో ఉండాలన్న షరతును మరచిపోకూడదు. పాత ఫియట్, అంబాసిడర్లలో కేజ్ వెల్డింగ్ చేయిస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. బీమా కంపెనీకి తెలపని మార్పులు క్లెయిము సమయంలో తగవుకు కారణమవుతాయి.

ఎవరికి ఏది

కుటుంబంతో రోడ్డు మీద మాత్రమే తిరిగే కారుకు డబ్బును ఈ వరుసలో ఖర్చు పెట్టాలి: ఫ్లోరు, సిల్లుల తుప్పు, తరువాత ముందు వెనుక బెల్టులు, తరువాత హెడ్‌రెస్ట్ ఉన్న సీట్లు, ఆ తరువాత టైర్లు, బ్రేకులు. నిజానికి టైర్లు, బ్రేకులే ముందు అనేవారితో నేను వాదించను.

రోడ్డు మీద వాడుతూ ఏడాదికి ఒకటి రెండుసార్లు కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో సరదాగా తీసుకువెళ్ళేవారి నిర్ణయం అన్నిటికన్నా కష్టం. వారికి నా సలహా వాలే బకెట్ సీటు, కంపెనీ తరహా త్రీ పాయింట్ బెల్టు, మంచి హెల్మెట్, అంతవరకే. హార్నెస్ కావాలనిపించిన రోజున ఆ కారును రోడ్డు మీద నుంచి తప్పించి ట్రాక్ కారుగా మార్చే ఖర్చుకు సిద్ధపడాలి, లేదా ఆ ఆలోచన మానుకోవాలి.

పోటీల్లోకే దిగేవారు మన దేశంలో మోటారు క్రీడలను నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ ఆ ఏటి నియమాలను ముందు చదివి, ఆ తరువాతే పైపు కొనాలి. కట్టిన కేజ్‌ను పరిశీలకులు తిరస్కరిస్తే దాన్ని కోసి తీయడం కట్టడం కన్నా ఖర్చు. కేజ్, సీటు, ఆరు పట్టీల హార్నెస్, హాన్స్, హెల్మెట్ అన్నీ ఒకే విడతలో అమరేవరకు ఆ కారును వేగంగా నడపకపోవడం మేలు. హార్నెస్ మీద 8853-2016 ప్రమాణం లేబుల్, చెల్లుబాటు ముగిసే సంవత్సరం చూసుకోవాలి. గడువు ముగిసి పోటీల నుంచి తొలగించిన హార్నెస్‌లను రోడ్డు కార్లకు చవకగా అంటగట్టే అలవాటు ఉంది కనుక, లేబుల్ కత్తిరించి ఉన్న పట్టీని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.